తిరుపతిలో పాత తెలుగు పుస్తకాలు: స్కాన్ చేసి తీసెయ్యాలా, కుట్టించి ఉంచుకోవాలా?

కొర్లగుంట_పుట:
అందరికీ నమస్కారం. కింది అంతస్తు ఇల్లు, సుమారు 400 తెలుగు పుస్తకాలు. మూడో వంతు 1950-70ల నాటివి, కాగితం గోధుమరంగుకు తిరిగింది. ఇంకో మూడో వంతు 80ల, 90ల నవలలు, వాటిలో చాలావాటికి అట్ట ఊడింది. మిగతావి ఈ ఇరవై ఏళ్ళవి. "అన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి, స్కాన్ చేసుకుని కాటాకి వేసెయ్యండి" అని ఇంట్లో సలహా. నాకు మనసొప్పడం లేదు. కానీ ఉంచుకోవాలంటే సరిగ్గా ఉంచాలి కదా. పురుగు, చెమ్మ, బైండింగ్, ఈ మూడింటి సంగతీ తెలిసినవాళ్ళు చెప్పండి.

అచ్చుఫారం:
ముందు కాటా మాట పక్కన పెట్టండి సార్. 400 పుస్తకాలనూ ఒకే గాటన కట్టకండి. ప్రతిదానికీ రెండు పరీక్షలు చేయండి, పుస్తకానికి అర నిమిషం చాలు.

మొదటిది, వీపు (కాగితాలన్నీ కలిసే వైపు) పైఅంచు చూడండి. కాగితాలు మడతలు మడతలుగా, చిన్న చిన్న కమానుల్లా కనిపిస్తే అది ఫారాలుగా మడిచి కుట్టిన పుస్తకం. సాధారణంగా ఫారానికి 16 పేజీలు. మడతల్లేకుండా విడికాగితాలు నేరుగా జిగురులో దిగి ఉంటే పర్ఫెక్ట్ బైండింగ్. పక్కనుంచి ఇనుప పిన్నులు కొట్టి ఉంటే సైడ్ పిన్. కుట్టినదానికి అట్ట ఊడినా లోపలి ఫారాలు చెదరవు, అట్ట మార్పిస్తే అయిపోతుంది. పర్ఫెక్ట్ బైండింగ్‌లో మడత వైపు రెండు మూడు మిల్లీమీటర్లు కోసేసి వేడి జిగురు పూస్తారు. ఆ జిగురు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి పెళుసు బారుతుంది. అప్పుడు పుస్తకాన్ని వెల్లకిలా తెరిచి నొక్కితే వీపు మధ్యలో పగులుతుంది, ఆ పగులు దగ్గరనుంచి పేజీలు ఒక్కొక్కటే రాలతాయి. మీ 80ల, 90ల నవలల జబ్బు చాలావరకు ఇదే అయ్యుంటుంది.

రెండోది, ఏమీ అచ్చులేని మూలను తీసుకుని ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి మడవండి. నాలుగైదు మడతలకు తట్టుకుంటే కాగితంలో బలం ఉన్నట్టు. మొదటి రెండు మడతల్లోనే తునిగి చేతిలోకి వస్తే దాన్ని కుట్టించకూడదు. సూది వేసిన చోటల్లా చిరుగుతుంది.

కొర్లగుంట_పుట:
గోధుమరంగు వచ్చిందంటే పాడైనట్టేనా సార్?

అచ్చుఫారం:
రంగు ఒక్కటే చూసి తేల్చకూడదు. న్యూస్‌ప్రింట్‌లో చెక్క గుజ్జు అలాగే ఉంటుంది, అందులోని లిగ్నిన్ అనే పదార్థానికి వెలుతురు, గాలి తగిలితే పచ్చబడుతుంది. బలం తగ్గడానికి అసలు కారణం ఆమ్లం. సిరా పాకకుండా వెనకటి మిల్లుల్లో పటిక, రోజనం (పైన్ చెట్టు బంక) కలిపేవారు. ఆ పటిక వల్ల కాగితంలో ఆమ్లం పుట్టి నారను లోపలినుంచే కొరుకుతూ వస్తుంది. వేడి, చెమ్మ కలిసిన చోట ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది. మన ఊళ్ళో రెండూ ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వాన.

కొత్తగా కొనేటప్పుడు 70 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాప్‌లితో, అంటే పుస్తకాలకు వాడే తెల్ల కాగితం, అయితే నిలుస్తుంది. 58, 60 అయితే వెనకపేజీ అక్షరాలు ఇటువైపు తొంగిచూస్తాయి. తెలుగుకి ఇది ఇంగ్లీషుకన్నా ఎక్కువ ఇబ్బంది. "రాష్ట్రం" అన్న మాటనే చూడండి: పైన ష, దాని కింద ట ఒత్తు, ఆ పక్కన ర ఒత్తు. ఒక్క మాటలో ఇన్ని అంతస్తులు. వరసల మధ్య జాగా చాలకపోతే ఈ ఒత్తు కింది వరస గుడికి తగులుతుంది. దానికి తోడు వెనకపేజీ నీడ కూడా పడితే కంటికి అలసట. పుస్తకాల ప్రదర్శనలో కొనేముందు ఒక పేజీని వెలుతురుకి పట్టి చూడండి.

తిలక్‌రోడ్_డీటీపీ:
"అన్నీ ఫోన్లో దొరుకుతున్నాయి" అన్నదానికి నేను జవాబు చెబుతాను. దొరకవు. 90ల నుంచి యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) వాడుకలోకి వచ్చేదాకా మన పుస్తకాలు చాలావరకు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను లాంటి ఫాంట్లతో కూర్చినవి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0, అది 2001 నాటిది. ఆ ఫైళ్ళలో ఉన్నది నిజానికి తెలుగు అక్షరాలు కావు, లాటిన్ గుర్తుల స్థానాల్లో తొడిగిన తెలుగు బొమ్మలు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే చుక్కలు, టోపీలు పెట్టిన ఇంగ్లీషు గుర్తులే కనిపిస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒత్తులు పక్క అక్షరానికి అంటుకుంటాయి, ర ఒత్తు ముందుకో వెనక్కో జారుతుంది, మొత్తం మళ్ళీ ప్రూఫు చూడాల్సిందే. ఇదంతా కూడా ఫైలు దొరికితేనే. అప్పట్లో ఫైళ్ళు ఫ్లాపీల్లో, సీడీల్లో ఉండేవి. వాటిలో ఇప్పుడు తెరుచుకునేవి తక్కువ.

అంటే 1995లో వేసిన ఒక తెలుగు నవలకి చాలాసార్లు మిగిలిన అసలు ప్రతి కాగితమే. దాన్ని కాటాకి వేస్తే ఫైలు, పుస్తకం రెండూ పోయినట్టే. 1950ల పుస్తకానికన్నా ఈ 90ల పుస్తకానికే ముప్పు ఎక్కువ అని నా అభిప్రాయం. పాతవి ఎవరో ఒకరు స్కాన్ చేశారు, ఈ మధ్యకాలంవి ఎవరూ ముట్టుకోలేదు.

అన్నమాచార్యుల సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద ఉండబట్టే కదా నాలుగు వందల ఏళ్ళ తర్వాత వెలికితీసి చదవగలిగారు. రేకుని చదవడానికి కన్ను, లిపి తెలియడం చాలు. కాగితం కూడా అంతే.

స్కాన్_300:
డీటీపీ అన్న చెప్పింది నిజమే, కానీ స్కాన్‌ని తీసిపారేయవద్దు. తునిగిపోయే కాగితానికి స్కానే దిక్కు. చేసేదేదో సరిగ్గా చేయాలి.

300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) కనీసం, సన్న టైపు ఉన్నవాటికి 400. రంగులో గాని గ్రేస్కేల్‌లో గాని తీయండి. పూర్తి నలుపు-తెలుపు పెట్టకండి. ఫైలు చిన్నదవుతుందని చాలామంది అదే పెడతారు, అక్కడే దెబ్బ. పచ్చబడ్డ కాగితం మీద సన్నగా పడిన సున్నా చుట్టు తెగుతుంది, తలకట్టు లేచిపోతుంది. ప-వ తేడా అంతా ఆ తలకట్టులోనే ఉంది. తలకట్టు అంటుకుంటే వ, విడిగా ఉంటే ప. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు ఇప్పుడు ఆర్కైవ్.ఆర్గ్‌లో వేలకొద్దీ ఉన్నాయి, అదెంతో మేలు. కానీ వాటిలో నలుపు-తెలుపు పేజీలు, మధ్యలో ఎగిరిపోయిన పేజీలు కూడా కనిపిస్తాయి. అందుకే "ఆన్‌లైన్లో ఉంది కదా" అని మీ ప్రతి తీసేయకముందు పేజీ పేజీ సరిచూసుకోండి.

పెళుసు పుస్తకాన్ని ఫ్లాట్‌బెడ్ స్కానర్ గాజు మీద బోర్లించి నొక్కకూడదు. 90 డిగ్రీలే తెరిచి, ఒకవైపు దిండు ఆనించి, పైనుంచి ఫోన్ స్టాండుతో ఫొటో తీయండి. లైట్లు రెండు పక్కలనుంచి ఏటవాలుగా పడాలి, ఫ్లాష్ వద్దు. కుడి పేజీలన్నీ ఒక విడతలో, ఎడమవి ఇంకో విడతలో తీస్తే పని వేగంగా సాగుతుంది, తర్వాత కలుపుకోవచ్చు.

ఓసీఆర్‌కి, అంటే ఫొటోలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చడానికి, టెస్సరాక్ట్ అనే ప్రోగ్రాంలో తెలుగు ఉంది, ఉచితం. 1970కి ముందు పుస్తకాల్లో అరసున్న, బండిర దగ్గర తప్పుతుంది. మ, వు ఒకటనుకుంటుంది. వెతుక్కోవడానికి పనికొస్తుంది తప్ప దాన్నే పాఠంగా నమ్మకండి. ఫైళ్ళు మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి ఇంటి బయట.

పంచడం గురించి ఒక మాట. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కులుంటాయి. ఆ గడువు తీరనివి ఆన్‌లైన్లో పెట్టకండి.

గోడచెమ్మ:
కింది అంతస్తు అన్నారు కాబట్టి నా భాగం ఇదీ. ముందు నాలుగైదు వందల్లో వచ్చే, తేమ కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్ కొని అర పక్కన పెట్టండి. గాలిలో తేమ 45-55 శాతం ఉంటే పుస్తకాలకు హాయి. 65 దాటి రోజుల తరబడి ఉంటే బూజు. నవంబర్‌లో మన దగ్గర ఆ అంకె ఎటుంటుందో మీటరే చెబుతుంది.

అర గోడకి ఆనకూడదు. నాలుగు అంగుళాలు వదలండి. బయటి గోడకి, అంటే వాన కొట్టే గోడకి, అసలు పెట్టకండి. నేలనుంచి ఆరు అంగుళాలు ఎత్తు. ఇది చెమ్మకే కాదు, చెదలకి కూడా. చెదలు గోడమీద మట్టి గొట్టం కట్టుకుంటూ వస్తాయి. గోడకి, అరకి మధ్య జాగా ఉంటే ఆ గొట్టం కంటికి కనిపిస్తుంది. ఆనించి పెడితే మొదట కనిపించేది తినేసిన పుస్తకమే.

పుస్తకం మీది గుర్తులే పురుగు ఏదో చెబుతాయి. పైపైన గీకినట్టు, పేజీ పలచబడి, అట్టమీద జిగురు ఉన్నచోట తిని ఉంటే అది వెండిపురుగు. దానికి గంజి, జిగురు ఇష్టం, చెమ్మ ఉంటేనే బతుకుతుంది. గుండ్రటి సన్న బెజ్జం ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి సూదితో పొడిచినట్టు సాగి, కింద సన్నటి పొడి రాలితే అది తొలిచే పురుగు. అట్టలోపల దాని పిల్ల ఇంకా ఉండొచ్చు. ఆ పుస్తకాన్ని వెంటనే వేరు చేయండి.

తొలిచే పురుగుకి మందు కన్నా చలి మంచిది. పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టి గాలి బయటికి నొక్కి, గట్టిగా మూసి, ఇంటి ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. ఫ్రీజర్ మైనస్ 18 ఉండాలి. బయటికి తీశాక 24 గంటలు కవర్ విప్పొద్దు. చల్లటి పుస్తకానికి గాలి తగిలితే నీళ్ళు పడతాయి, కవర్ ఉంటే ఆ నీళ్ళు పైనే ఆగుతాయి.

కలరా ఉండలు వద్దు. తెరిచి ఉన్న అరలో అవి గుడ్లని చంపవు, మనం మాత్రం ఆ ఆవిరి పీలుస్తాం. పసిపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. వేపాకు పెట్టాలనుకుంటే బాగా ఎండినదే పెట్టండి. పచ్చాకు పెడితే మీరే చెమ్మ తెచ్చి పెట్టినట్టు.

కొర్లగుంట_పుట:
గోడచెమ్మ గారూ, స్టీలు బీరువా మంచిదా, తెరిచిన అర మంచిదా?

గోడచెమ్మ:
గాలి ఆడే అర మంచిదండీ. బీరువాలో చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. బీరువా తప్పదంటే వాన లేని పొడి రోజు చూసి గంటసేపు తలుపులు తీసి ఫ్యాను వెయ్యండి. సిలికా జెల్ వాడితే నారింజ రంగుది కొనండి, నీలంది వద్దు, అందులో కోబాల్ట్ ఉంటుంది. రంగు మారాక ఓవెన్‌లో 110-120 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాస్తే మళ్ళీ పనికొస్తుంది.

చిత్తూరు_బైండింగ్:
బైండింగ్ గురించి ఎవరూ ఇంకా పూర్తిగా చెప్పలేదు, నేను చెప్తాను అన్నా. మొదట చేయకూడనిది: సెల్లోటేపు. నాలుగైదేళ్ళకి దాని జిగురు కాగితంలోకి ఇంకి పచ్చగా మరక పడతాది, టేపు మాత్రం ఎండి రాలిపోతాది. ఆ మరక ఎవురూ తీయలేరు. ఫెవికాల్ లాంటి తెల్ల పీవీఏ జిగురు అట్టకి పరవాలేదు, పేజీ చిరుగుకి వద్దు. ఎండినాక నీళ్ళతో ఊడదు, మళ్ళా బాగు చెయ్యాలంటే పేజీనే చింపాల్సి వస్తాది.

చిరిగిన పేజీకి గంజే మేలు. మైదాని అట్లనే ఉడికిస్తే దాంట్లో బంక (గ్లూటెన్) ఉంటాది, పురుగుకి అది విందు. కాబట్టి ముందు బంక తీసెయ్యల్ల. అర కిలో మైదా ముద్ద చేసి అరగంట నానబెట్టి, గిన్నెలో నీళ్ళు పోసి ముద్దని పిసకండి. పాలలాగ నీళ్ళు వస్తాయి, చేతిలో రబ్బరు లాంటి బంక మిగుల్తాది, అది పారెయ్యండి. పాలనీళ్ళు రాత్రంతా కదపకుండా పెడితే తెల్లటి పిండి అడుగుకి దిగుతాది. పైనీళ్ళు వంచేసి, ఒక వంతు పిండికి నాలుగు వంతుల నీళ్ళు కలిపి సన్న సెగ మీద ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు తిప్పుతానే ఉండండి. తెలుపు పోయి అద్దంలాగ మెరుస్తాది, అప్పుడు దించి గుడ్డలో వడగట్టండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకి జాస్తి పెట్టొద్దు.

చిరుగు మీదికి పుస్తకాల మరమ్మతుకి వాడే పల్చటి టిష్యూ కాగితం, 9 నుంచి 12 జీఎస్‌ఎంది, చేత్తో చింపిన అంచు ఉండేలాగ తీసుకోండి, కత్తెరతో కోసిన అంచు వద్దు. చింపిన అంచులో నారలు లేస్తాయి, అవే పట్టుకుంటాయి. గంజి పల్చగా పూసి, అతికించి, పైనా కిందా బ్లాటింగ్ కాగితం పెట్టి బరువు వెయ్యండి. రెండు మూడు గంటలు.

ఇంక అట్ట ఊడి, ఫారాలు కుట్టుతో ఉన్నవాటికి, వీపుకి ఉన్న పాత జిగురు మీద గంజి పూసి పావుగంట ఉంచితే మెత్తబడతాది, చెంచా అంచుతో గీకండి. దాని మీద గాజుగుడ్డ, గుడ్డ మీద గట్టి కాగితం. గుడ్డని వీపుకన్నా రెండు పక్కలా అంగుళం జాస్తిగా కోయండి, ఆ అంగుళమే అట్టని పట్టుకునేది. అట్టకి 2 మి.మీ. బోర్డు, పైన కాలికో (బైండింగ్ గుడ్డ). పర్ఫెక్ట్ బైండింగ్ పుస్తకం అయితే విడికాగితాలే కదా, వీపు పొడవునా అంచునుంచి 5 మి.మీ. లోపల బెజ్జాలు వేసి కుట్టాల్సిందే. అప్పుడు ఆ మేరకి లోపలి అంచు పోతాది, పుస్తకం వెల్లకిలా తెరుచుకోదు. లోపలి మార్జిన్ అర అంగుళం కన్నా తక్కువ ఉంటే ఈ కుట్టు వద్దు, అక్షరాలు మడతలోకి పోతాయి.

బైండింగ్‌కి ఇచ్చేటప్పుడు ఒక మాట గట్టిగా చెప్పండి: "అంచులు కట్ చెయ్యొద్దు." చెప్పకపోతే మూడు వైపులా మిషన్‌కి పెట్టి కోసేస్తారు. మంచి కోసం చేసేదే, కానీ పాత పుస్తకంలో పేజీ నంబర్లు, పక్కన రాసుకున్న మాటలు పోతాయి.

అచ్చుఫారం:
చిత్తూరు అన్న గంజి పద్ధతి బాగా చెప్పాడు. అయితే మన వైపు గంజిలో మైలుతుత్తం కలిపే అలవాటు ఉంది, దాని గురించి చెప్పలేదేం?

చిత్తూరు_బైండింగ్:
కావాలనే చెప్పలేదన్నా. లెడ్జర్లకి, ఆఫీసు రిజిస్టర్లకి అది కలిపేది, పురుగు రాదని. పురుగు రాదు, నిజమే. కానీ ఆ తుత్తంలో ఉండేది రాగి. రాగి కాగితం నారని కాల్చినట్టు తినేస్తాది. ముప్పై, నలభై ఏళ్ళ లెడ్జర్ విప్పి చూడండి, గంజి పూసిన వీపు దగ్గరే కాగితం గోధుమగా మారి తునిగి ఉంటాది, బయటి అంచు బాగానే ఉంటాది. పుస్తకానికి వద్దు.

పిడత_నీళ్ళు:
2021 నవంబర్ వరద లాంటిది మళ్ళీ వస్తే ఏం చేయాలో కూడా ఇక్కడే రాసి పెడదాం, కింది అంతస్తు వాళ్ళకి అవసరం.

తడిసిన పుస్తకానికి 48 గంటలే గడువు, ఆ తర్వాత బూజు. మూసి ఉన్నదాన్ని బలవంతాన తెరవకండి. బురద ఉంటే మూసే ఉంచి మంచినీళ్ళలో ముంచి కడగండి. నీళ్ళు కారాక నిలబెట్టి, విసనకర్రలా కొంచెం విప్పండి. ప్రతి ఇరవై పేజీలకి ఒక తెల్ల న్యూస్‌ప్రింట్ కాగితం పెట్టి, రెండు మూడు గంటలకొకసారి మార్చండి. అచ్చయిన దినపత్రిక వద్దు, సిరా అంటుతుంది. ఫ్యాను గాలి గోడకి తగిలి తిరిగొచ్చేలా పెట్టండి, ఎండలో పెట్టకండి. ఎండకి అట్ట వంకర పోతుంది, కాగితం అలలు తిరుగుతుంది.

నున్నటి ఆర్ట్ పేపరు పుస్తకాలు, బొమ్మల పుస్తకాలు అన్నిటికన్నా ముందు చూడండి. దానిమీద పూత తడికి కరిగి, ఆరేటప్పుడు పేజీ పేజీకి అంటుకుంటుంది. ఆరిన తర్వాత ఇక విడదీయలేం. తడిగా ఉన్నప్పుడే ప్రతి పేజీ మధ్యా కాగితం పెట్టాలి. అంత మంది లేకపోతే కవర్లలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టిన పుస్తకానికి బూజు పట్టదు, వారానికి రెండు చొప్పున తీసి ఆరబెట్టుకోవచ్చు.

గ్రూప్స్_వాచకం:
చదవడం సంగతి కూడా ఒక్క మాట. కాగితం మీద, తెరమీద చదవడాన్ని పోలుస్తూ 2000 నుంచి 2017 దాకా జరిగిన 54 అధ్యయనాలను, 1,70,000 మందికి పైగా పాల్గొన్నవారి ఫలితాలను కలిపి 2018లో లెక్కగట్టారు. సమాచారం ఇచ్చే పాఠాలకి, గడువు పెట్టి చదివించినప్పుడు, కాగితం మీద చదివినవాళ్ళకే బాగా అర్థమైంది. కథలు, నవలల దగ్గర తేడా తేలలేదు. కాబట్టి పోటీ పరీక్షలకి చదివే పిల్లలకి చరిత్ర, పాలిటీ అచ్చు పుస్తకాల్లోనే ఇవ్వండి. ఫోన్‌లో పీడీఎఫ్ జరుపుతూ పోతే ఏ పేజీలో ఏ మూల ఉందో గుర్తుండదు. పుస్తకంలో అయితే "ఎడమ పేజీ, కింద, పట్టిక పైన" అని కన్ను గుర్తుపెట్టుకుంటుంది.

తిలక్‌రోడ్_డీటీపీ:
నవలలకి తేడా లేదన్నారు కాబట్టి నవలలు తీసెయ్యమని ఇంట్లో వాళ్ళు అనేరు. అర్థం కావడంలోనే తేడా లేదు. ఆ నవల రేపటికి ఉంటుందా అన్నది వేరే లెక్క, అక్కడ కాగితమే గెలుస్తుంది.

కొర్లగుంట_పుట:
అందరికీ చాలా కృతజ్ఞతలు. నాకు అర్థమైన వరస ఇదీ: మడత పరీక్షలో తునిగేవి స్కాన్, కుట్టు ఉండి అట్ట ఊడినవి బైండింగ్, పర్ఫెక్ట్ బైండింగ్‌వి మార్జిన్ చూసి. ఇంకో రెండు సందేహాలు. పుస్తకాల మధ్య ఏడెనిమిది తాటాకుల కట్ట ఒకటి ఉంది, దాన్ని ఏం చేయాలి? 400 పుస్తకాలకి ఎంత అర కావాలి?

స్కాన్_300:
తాటాకులు మీరు ముట్టుకోకండి, గంజి గాని నూనె గాని పూయకండి. తాటాకుకి నిమ్మగడ్డి నూనె రాసే పద్ధతి ఉంది, కానీ సిరా పట్టించిన తీరు చూడకుండా రాస్తే అక్షరం మాసిపోతుంది. వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది. 1939లో దేవస్థానం వాళ్ళు పెట్టింది, 1956లో విశ్వవిద్యాలయానికి వచ్చింది. తాళపత్రాలు వాళ్ళ పనే. పలకల మధ్య పెట్టి నూలుగుడ్డలో చుట్టి తీసుకెళ్ళి చూపించండి. తాడు బిగించి కట్టొద్దు, ఆకు చీలుతుంది.

అచ్చుఫారం:
అర లెక్క నేను చెబుతా. డెమ్మీ 1/8 (మామూలు నవల సైజు) పుస్తకం ఎత్తు 8.5 అంగుళాలు, వెడల్పు 5.5. 70 జీఎస్‌ఎం మీద 300 పేజీలంటే బరువు సుమారు 340 గ్రాములు, మందం 15 మి.మీ. మూడు అడుగుల అరలో 60 పడతాయి, అంటే అరకి 20 కిలోలు. మీ 400కి ఏడు అరలు. బైండింగ్ అయ్యాక బోర్డు మందం కలుస్తుంది కాబట్టి ఎనిమిది అనుకోండి. 18 మి.మీ. ప్లైవుడ్ మూడు అడుగుల పొడవున 20 కిలోలకి ఏడాది తిరిగేసరికి నడుం వంగుతుంది, మధ్యలో ఒక నిలువు చెక్క పెట్టించండి. అరకీ అరకీ మధ్య 10 అంగుళాలు వదిలితే డెమ్మీకి సరిపోతుంది, పైన వేళ్ళు దూరడానికి జాగా ఉంటుంది. పుస్తకాన్ని వీపు పైఅంచు పట్టి లాగకండి. పక్క రెండు పుస్తకాలనీ కొంచెం లోపలికి నెట్టి, దీన్ని నడుం దగ్గర పట్టుకుని తీయండి.